డిలీట్ నొక్కిన తరువాత

కంప్యూటర్‌కు మనం ఇచ్చే ఆదేశాలలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగినది ఏదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా "డిలీట్" అంటాను. సేవ్ అంటే సేవ్ అవుతుంది, కాపీ అంటే కాపీ అవుతుంది, ప్రింటర్ కూడా కాస్త బతిమాలితే మాట వింటుంది. డిలీట్ సంగతి అలా కాదు. తెర మీద నుంచి ఫైలో, ఫోటోనో మాయమవుతుంది. అంతకు మించి లోపల ఏం జరిగిందో ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు తప్ప తెలియదు, ఒక్కోసారి వాళ్ళకు కూడా తెలియదు. డేటాబేస్‌లతోనూ, వాటి మీద నడిచే సేవలతోనూ పని చేయడం నా వృత్తి. సమాచారాన్ని ఎలా భద్రపరచాలన్న చర్చ ఆ వృత్తిలో మొదటి రోజు నుంచే నడుస్తుంది. దాన్ని ఎలా చెరపాలన్న చర్చ మాత్రం దాదాపు ఎప్పుడూ చివరి నిమిషంలో, అదీ ఎవరో గట్టిగా అడిగినందువల్లనే మొదలవుతుంది.

ఈ తీరు కొత్తది కాదు. విండోస్‌కు ముందరి ఎమ్మెస్-డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నుంచి నేటి పెన్‌డ్రైవ్‌ల దాకా వాడుకలో ఉన్న ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థనే చూడండి. అందులో ప్రతి ఫోల్డరుకూ ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో ఫైలుకు ఆ పట్టికలో 32 బైట్ల నమోదు ఉంటుంది. ఫైలు పేరు, పరిమాణం, తేదీ, అది డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె అందులోనే రాసి ఉంటాయి. ఫైలును డిలీట్ చేసినప్పుడు ఆ వ్యవస్థ చేసేది రెండే పనులు: పేరులోని మొదటి అక్షరం ఉన్న చోట 229 అనే విలువను రాయడం, ఆ ఫైలు ఆక్రమించుకున్న జాగా ఇక ఖాళీ అని మరో పట్టికలో గుర్తు పెట్టడం. ఫైలులో ఉన్న విషయాన్ని అది తాకనైనా తాకదు. అందుకే 1991లో ఎమ్మెస్-డాస్ 5తో వచ్చిన అన్‌డిలీట్ అనే ఆదేశం, పోయిన ఫైళ్ళను వరుసగా చూపిస్తూ, ప్రతి పేరు ముందూ ఒక ప్రశ్నార్థకం పెట్టి, మొదటి అక్షరం ఏమిటో మీరే చెప్పండి అని వినియోగదారుణ్ణే అడిగేది. డిస్కు మీద ముక్కలుగా చెదిరిపోని ఫైలు విషయంలో, యంత్రం నిజంగా మరిచిపోయింది ఆ ఒక్క అక్షరమే.

(జపనీస్ భాషలో కొన్ని పేర్లు నిజంగానే 229 అనే బైటుతో మొదలవుతాయి. అలాంటి ఫైలు పుట్టడంతోనే డిలీట్ అయినట్టు కనబడకుండా, ఆ విలువకు బదులు 5 అని రాసి పెట్టుకునే ఏర్పాటును తరువాత చేర్చారు. ఇలాంటి అతుకులు కనబడినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.)

దీన్ని బద్ధకం అనడానికి వీల్లేదు. పెద్ద ఫైలును అక్షరాలా తుడిచివేయాలంటే, దాన్ని మొదటిసారి రాయడానికి పట్టినంత సమయం మళ్ళీ పడుతుంది. ఖాళీ అని గుర్తు పెట్టడానికి రెప్పపాటు కాలం చాలు. ఆ చోటు మీద రేపో ఎల్లుండో మరో ఫైలు ఎలాగూ వచ్చి పడుతుంది కాబట్టి, పాత విషయం ఆ తరువాత తానే పోతుందని వదిలేయడం ఇంజనీరింగ్ దృష్టిలో సబబైన నిర్ణయమే. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కుటుంబానికి చెందిన వ్యవస్థలది మరో పద్ధతి. అక్కడ పేరు వేరు, ఫైలు వేరు. ఒకే ఫైలుకు ఎన్ని పేర్లైనా ఉండవచ్చు, డిలీట్ చేసినప్పుడు పోయేది ఒక పేరు మాత్రమే. చివరి పేరు కూడా పోయి, ఆ ఫైలును తెరిచి ఉంచుకున్న చివరి ప్రోగ్రాము దాన్ని మూసేదాకా ఫైలు బతికే ఉంటుంది. సర్వర్లు చూసుకునేవాళ్ళందరికీ ఇది అనుభవమే. డిస్కు నిండిపోయిందని అర్ధరాత్రి అలారం మోగుతుంది. ఒక ప్రోగ్రాము తన పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైలు కొండలా పెరిగి ఉంటే దాన్ని తీసేస్తారు. ఫోల్డరులో అది కనబడదు, డిస్కు మాత్రం ఇంకా నిండే ఉంటుంది. ఆ లాగ్ రాస్తున్న ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలుపెడితే గానీ ఆ జాగా తిరిగి రాదు.

జాగా ఖాళీ కావడమే మనకు కావలసినప్పుడు ఈ పద్ధతులలో ఏ ఇబ్బందీ లేదు. చిక్కల్లా, డిలీట్ నొక్కే మనిషి ఉద్దేశం ప్రతిసారీ జాగా ఒక్కటే కాదు, ఇది ఇంకెవరి కంటా పడకూడదన్నది కూడా కావచ్చు. ఆ రెండు కోరికలకూ కంప్యూటర్ దగ్గర ఉన్నది ఒకే బటన్. దాని ఫలితం ఎలా ఉంటుందో 2003లో ఎమ్‌ఐటీలో చదువుకుంటున్న ఇద్దరు పరిశోధక విద్యార్థులు చూపించారు. ఇతరులు వాడేసి అమ్మేసిన 158 హార్డ్ డిస్కులను వాళ్ళు కొని పరీక్షించారు. వాటిలో పనిచేసినవి 129. ఆ 129లో సమాచారాన్ని సరిగ్గా తుడిచి అమ్మినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో పాత యజమానుల ఉత్తరాలు, వైద్యానికి సంబంధించిన వివరాలు, క్రెడిట్ కార్డుల సంఖ్యలు బయటపడ్డాయి. ఆ యజమానులలో చాలామంది ఫైళ్ళను డిలీట్ చేశారు, కొందరు డిస్కును ఫార్మాట్ కూడా చేశారు. చేయవలసినదంతా చేశామనే అనుకొని ఉంటారు.

అయితే మీద మీద రాసి పారేస్తే సరిపోదా అన్నది తరువాతి ప్రశ్న. దీని చుట్టూ కొంత మూఢనమ్మకం కూడా పెరిగింది. 1996లో పీటర్ గట్‌మన్ అనే పరిశోధకుడు అయస్కాంత డిస్కుల మీద చెరిపిన సమాచారాన్ని తిరిగి రాబట్టే అవకాశాల గురించి ఒక పత్రం రాస్తూ, 35 విడతల తిరగరాతను సూచించాడు. ఆనాటికి వాడుకలో ఉన్న రకరకాల డిస్కులన్నిటికీ కలిపి వేసిన పట్టిక అది. ఏ ఒక్క డిస్కుకూ ఆ 35 విడతలూ అక్కరలేదని ఆయనే తరువాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. అయినా ఇప్పటికీ 35 సార్లు తుడుస్తామని గొప్పగా చెప్పుకునే సాఫ్ట్‌వేర్లు కనబడుతూనే ఉన్నాయి.

ఈలోగా డిస్కులే మారిపోయాయి. ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు ఉండేది ఫ్లాష్ మెమరీ. దాని స్వభావమే వేరు. కొన్ని కిలోబైట్ల పేజీ చొప్పున దాని మీద రాయవచ్చు గానీ, రాసిన పేజీ మీద నేరుగా మళ్ళీ రాయడం కుదరదు. ముందు చెరపాలి, చెరపడం వందల పేజీలున్న బ్లాకు మొత్తానికి ఒకేసారి మాత్రమే వీలవుతుంది. పైగా ప్రతి బ్లాకూ ఇన్నిసార్లే చెరపనిస్తుంది, ఆ తరువాత అరిగిపోతుంది. అందువల్ల లోపల ఉండే కంట్రోలర్ అనే చిప్పు, మీరు ఒక ఫైలును మార్చిన ప్రతిసారీ కొత్త పాఠాన్ని వేరే చోట రాసి, పాతది చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. అంటే మీరు ఫైలు మీద సున్నాలు నింపుతున్నామనుకుంటూ ఉంటే, ఆ సున్నాలు మరెక్కడో పడుతుంటాయి, అసలు విషయం ఉన్న చోట అలాగే ఉంటుంది. దీనికి భిన్నంగా, ఆపరేటింగ్ సిస్టమ్ ట్రిమ్ అనే ఆదేశంతో ఈ పేజీలు ఇక అక్కరలేదని కంట్రోలర్‌కు చెబితే, తీరిక దొరికినప్పుడు అది ఆ బ్లాకులను నిజంగానే చెరిపేస్తుంది. ఫలితంగా మామూలు డిలీట్ కొన్నిసార్లు శాశ్వతమవుతుంది, కష్టపడి తిరగరాసినది మిగిలిపోతుంది. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి డ్రైవ్‌లను విప్పి, మెమరీ చిప్పులను నేరుగా చదివి చూశారు. మొత్తం చెరిపేయమన్న ఆదేశానికి ఒక డ్రైవ్ పని విజయవంతంగా పూర్తయిందని బదులిచ్చింది. డేటా అంతా అందులో చెక్కుచెదరకుండా ఉంది.

డిస్కు లోతుల్లోకి వెళ్ళనక్కరలేకుండా, రోజూ చేసే పనుల్లోనూ ఇదే వరస. ఒక స్క్రీన్‌షాట్ తీసి, అందులో ఇతరులు చూడకూడని భాగాన్ని కత్తిరించి, మిగతాది పంపుతాం. 2023 మార్చిలో గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని కత్తిరింపు సాధనంలో ఒక లోపం బయటపడింది. కత్తిరించిన చిన్న చిత్రాన్ని అది పాత ఫైలు మీదనే రాసేది. కొత్తది చిన్నది కాబట్టి పాత ఫైలు తోక భాగం మిగిలిపోతుంది, ఆ తోకను కోసేయాలి. అలా కోయకుండానే ఫైలును మూసేసేది. చిత్రాలు చూపించే యాప్‌లు కొత్త చిత్రం ముగిసిన గుర్తు దగ్గర ఆగిపోతాయి గనుక ఎవరి కంటికీ ఏమీ కనబడలేదు. వెనక మిగిలిన ముక్క నుంచి, కత్తిరించి పారేశామనుకున్న భాగాన్ని చాలావరకు తిరిగి కట్టవచ్చని పరిశోధకులు చూపించారు. అదే నెలలో విండోస్‌లోని అలాంటి సాధనంలోనూ ఇదే తరహా లోపం కనబడింది. కొత్త వెర్షన్‌తో లోపం పోయింది. అప్పటికే పంపేసిన చిత్రాలను ఏ వెర్షనూ వెనక్కి తేలేదు.

పీడీఎఫ్‌లలో నల్లరంగు పూయడం ఇంతకన్నా పాత కథ. గోప్యంగా ఉంచవలసిన పేరు మీద నల్లటి దీర్ఘచతురస్రాన్ని గీస్తారు. కంటికి పేరు కనబడదు. ఆ వాక్యాన్ని మౌస్‌తో లాగి కాపీ చేసి మరోచోట పేస్టు చేస్తే పేరు బయటపడుతుంది. ఎందుకంటే ఆ ఫైలులో అక్షరాలు ఒక పొర, నలుపు దాని మీద మరో పొర. న్యాయవాదులు, ప్రభుత్వ కార్యాలయాలు దీనికి మళ్ళీ మళ్ళీ చిక్కుతూనే ఉన్నారు. ఇందులో నేను వాళ్ళను తప్పుపట్టలేను. కాగితం మీద నల్ల సిరా పూస్తే అక్షరం పోతుంది. తెర కూడా కాగితంలాగే ప్రవర్తిస్తుందని నమ్మించిందే మా వృత్తివాళ్ళం.

ఇక డేటాబేస్‌లకు వస్తాను. ఒక యాప్‌లో మీ చిరునామానో, వ్యాఖ్యనో తీసేసినప్పుడు వెనక చాలాసార్లు జరిగేది, ఆ వరుసకు "తొలగించబడింది" అనే ఒక గడిలో అవును అని రాయడం. దీన్ని సాఫ్ట్ డిలీట్ అంటాం. బీరువాలో పై అర నుంచి కింది అరకు నెట్టడం లాంటిదే. దీనికి మంచి కారణాలున్నాయి: వినియోగదారుడు పొరపాటున తీసేసి గంటలో ఫోన్ చేస్తాడు, ఆ చిరునామాకు వెళ్ళిన పాత ఆర్డర్ల లెక్కలు తేలకుండా పోతాయి, మోసం జరిగితే విచారణకు ఆధారం కావాలి. కానీ దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. ఆ రోజు నుంచి ఆ పట్టికను చదవడానికి డేటాబేస్‌ను అడిగే ప్రతి ప్రశ్నలోనూ, అంటే ప్రతి క్వెరీలోనూ, "తొలగించనివి మాత్రమే" అన్న షరతు ఉండాలి. రెండు వందల చోట్ల ఆ షరతు రాసి, రెండు వందల ఒకటో చోట ఒక కొత్త ఇంజనీరు మరిచిపోతాడు. అప్పుడు వినియోగదారుడు ఏడాది కిందట తీసేసిన ఫోన్ నంబరు, వెతుకుదామని రెండంకెలు కొట్టగానే సూచనల జాబితాలో నవ్వుతూ ప్రత్యక్షమవుతుంది.

సమాచారం అనేక యంత్రాల మీద పరుచుకుని ఉన్న వ్యవస్థలలో చెరపడం ఇంకా విచిత్రంగా ఉంటుంది. కసాండ్రా అనే డేటాబేస్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. ప్రతి సమాచారానికీ మూడు యంత్రాల మీద మూడు నకళ్ళు ఉన్నాయనుకోండి. ఒక యంత్రం పాడై ఆగి ఉన్న సమయంలో డిలీట్ వచ్చింది. మిగతా రెండూ తమ నకళ్ళను తీసి పారేశాయి. మూడోది బాగుపడి తిరిగి వచ్చేసరికి దాని దగ్గర ఆ సమాచారం ఉంది, తక్కిన ఇద్దరి దగ్గరా లేదు. అప్పుడు వ్యవస్థకు తోచేదేమిటి? ఆ రెండిటికీ ఇది అందలేదేమో, పాపం, ఇప్పుడు పంపిద్దాం అని. చచ్చిన సమాచారం మళ్ళీ లేచి కూర్చుంటుంది. దీన్ని నివారించడానికి ఆ వ్యవస్థలు చెరపవలసిన చోట "ఇది ఫలానా క్షణాన తొలగించబడింది" అనే ఒక కొత్త నమోదును రాస్తాయి. మా పరిభాషలో దాని పేరు టూంబ్‌స్టోన్. అందరికీ ఆ కబురు చేరేదాకా దాన్ని అట్టిపెట్టాలి. కసాండ్రాలో ఆ గడువు, మార్చుకోకపోతే, 10 రోజులు. అంతకన్నా ఎక్కువ కాలం దూరంగా ఉన్న యంత్రాన్ని సరిచూడకుండా తెచ్చి కలిపితే, పోయినవి తిరిగి వస్తాయి. చెరపడానికి ఎక్కువ రాయవలసి రావడం, ఆ రాసినదాన్ని మళ్ళీ చెరపడానికి మరో పద్ధతి అవసరం కావడం వినడానికి హాస్యంగా ఉంటుంది గానీ, ఇంతకన్నా నమ్మకమైన దారి అంత సులభంగా దొరకదు.

ఇదంతా ఒక్క డేటాబేస్ సంగతి. ఒక వినియోగదారుడి ఈమెయిల్ చిరునామా ఒక మోస్తరు సేవలో ఎక్కడెక్కడికి వెళుతుందో తెల్లబోర్డు మీద గీయడం మొదలుపెడితే బోర్డు చాలదు. అసలు డేటాబేస్, దాని నకళ్ళు, వేగం కోసం చేతికందేలా పెట్టుకున్న క్యాష్ అనే తాత్కాలిక నకలు, వెతుకులాట కోసం కట్టిన ఇండెక్స్ అనే సూచిక, వ్యాపార విశ్లేషకులు వాడే వేర్‌హౌస్ అనే విడి డేటాబేస్, లోపాలు పట్టడానికి రాసుకునే లాగ్‌లు, ఉత్తరాలు పంపే బయటి సేవ, సహాయ కేంద్రానికి వినియోగదారుడే పంపిన స్క్రీన్‌షాట్, ఎవరో ఒక లోపాన్ని పరిశోధిస్తూ తన ల్యాప్‌టాప్‌లో దించుకున్న పట్టిక. వీటిలో ఏ ఒక్కటీ దురుద్దేశంతో పుట్టలేదు. ప్రతి నకలూ ఎవరో తమ పని తాము చక్కగా చేసుకోవడం వల్ల పుట్టిందే. ఆ పని అయిపోయాక నకలును ఎవరు తీయాలన్నది మాత్రం ఎవరి ఉద్యోగ వివరణలోనూ ఉండదు.

బ్యాకప్‌లది ప్రత్యేక సమస్య, ఎందుకంటే డిలీట్ నుంచి కాపాడడమే వాటి పుట్టుకకు కారణం. డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే దుండగులు ముందుగా బ్యాకప్‌లనే చెరిపేయడం మొదలుపెట్టాక, గడువు తీరేదాకా యజమాని కూడా మార్చలేని బ్యాకప్‌లు వాడుకలోకి వచ్చాయి. మరోవైపు, 2018 మే 25 నుంచి అమలులోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ చట్టం 17వ అధికరణం, తన సమాచారాన్ని చెరిపేయమని కోరే హక్కును వ్యక్తికి ఇచ్చింది. ఈ రెండింటి మధ్య మాలాంటివాళ్ళం కుదుర్చుకునే రాజీ ఏమిటంటే, నడుస్తున్న వ్యవస్థ నుంచి వెంటనే తీసేసి, బ్యాకప్‌లలో ఉన్నది వాటి గడువు తీరినప్పుడు పోతుందని వదిలేయడం. ఈలోగా ఏదైనా ప్రమాదం జరిగి పాత బ్యాకప్‌ను దించవలసి వస్తే, అప్పటికే వెళ్ళిపోయినవాళ్ళు తిరిగి రాకుండా వాళ్ళను మళ్ళీ తొలగించాలి. అలా చేయాలంటే ఎవరెవరు వెళ్ళిపోయారో ఒక జాబితా ఉండాలి. మమ్మల్ని మరిచిపోండి అని అడిగినవాళ్ళ పట్టికను జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవడమన్నమాట.

ఇంతా చేసి, నిజంగా దాచుకోవలసినవి మాత్రం ఇట్టే పోతాయి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడును భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, నకలు ఉన్న యంత్రం అనుకుని అసలు డేటాబేస్ యంత్రం మీద ఫోల్డరు తొలగింపు ఆదేశం ఇచ్చాడు. పొరపాటు గ్రహించి ఒకటి రెండు సెకన్లలో ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలాయి. రోజువారీ బ్యాకప్ ఉండవలసిన చోట ఖాళీ కనబడింది. వెర్షన్లు పొసగక అది కొంతకాలంగా విఫలమవుతూ వచ్చింది, ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్ళను మెయిల్ వ్యవస్థ తిరస్కరిస్తూ వచ్చింది. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో తీసిపెట్టిన ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్నదున్నట్టు తీసిన నకలు, వాళ్ళను గట్టెక్కించింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. మైస్పేస్ అనే సామాజిక మాధ్యమంలో 2003 నుంచి 2015 వరకు జనం పెట్టుకున్న పాటలు సర్వర్లు మార్చే క్రమంలో పోయాయని 2019లో వెల్లడైనప్పుడు ఆ పాటి నకలు కూడా సంస్థ దగ్గర లేదు. జియోసిటీస్ అనే సేవలో లక్షల మంది కట్టుకున్న వెబ్ పేజీలు 2009లో మూతపడ్డప్పుడు వాటిలో కొంత భాగమైనా మిగిలిందంటే, ఔత్సాహికులు రాత్రింబవళ్ళు కూర్చుని దించుకున్నందువల్లనే.

చెరపడం కష్టం కావడానికీ, దాచడం కష్టం కావడానికీ కారణం ఒకటేనని నేననుకుంటాను. ఏ నకలు ఎక్కడుందో, అది చెల్లుతుందో లేదో ఎవరూ లెక్క పెట్టుకోకపోవడమే ఆ కారణం. ఆ లెక్క ఉన్నచోట రెండు పనులూ సాధ్యమే. లేనిచోట మన అదృష్టం మీద ఆధారపడి ఒకటి జరుగుతుంది, తరచుగా మనకు అక్కరలేనిదే జరుగుతుంది.

వినియోగదారుడికి కనబడే వైపు మాత్రం కొంత మంచి పని జరిగింది, దాన్ని చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1983లో ఆపిల్ లీసా తెర మీద చెత్తబుట్ట బొమ్మ పెట్టడం, 1995లో విండోస్‌లో రీసైకిల్ బిన్ రావడం, ఇప్పుడు ఫోన్లలో డిలీట్ చేసిన ఫోటోను 30 రోజులో 60 రోజులో విడిగా ఉంచడం, ఇవన్నీ మనుషుల తొందరపాటును ముందే ఊహించి చేసిన ఏర్పాట్లు. "మీరు నిజంగా తొలగించాలనుకుంటున్నారా?" అని అడిగే పెట్టె కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. ఆ పెట్టెకు అవును అని కొట్టడం వేళ్ళకు అలవాటైపోయి, ప్రశ్న చదివేలోపే జవాబు పడిపోతుంది. చెత్తబుట్టలోనూ ఒక ప్రమాదముంది. ఫోన్ మరొకరి చేతిలోకి వెళ్ళే ఇళ్ళలో, ఇటీవల తొలగించినవి అనే ఆల్బమ్ కన్నా ఆసక్తికరమైన చోటు మరొకటి ఉండదు. ఐఫోన్‌లో ఆ ఆల్బమ్‌కు తాళం వచ్చింది 2022లో, ఐఓఎస్ 16తో. అంతకాలం ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు.

పంపిన సందేశాన్ని వెనక్కి తీసుకోవడం మరో తరహా. 2017లో వాట్సాప్ అందరికీ డిలీట్ చేసే వీలు ఇచ్చినప్పుడు గడువు ఏడు నిమిషాలే, 2022లో దాన్ని రెండు రోజులకు పైగా పెంచారు. తీసేసిన చోట, సందేశం తొలగించబడింది అన్న వాక్యం మిగులుతుంది. చాలామందికి ఆ వాక్యం నచ్చదు, ఏం పంపావు, ఎందుకు తీశావు అన్న కొత్త సంభాషణకు అది దారి తీస్తుంది. అయినా అది ఉండడమే న్యాయమని నా అభిప్రాయం. అవతలి మనిషి చదివినదాన్ని, చదవనట్టుగా అతని ఫోన్‌లోనే మార్చేసే అధికారం పంపినవాడికి ఉండకూడదు. అదీగాక, ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ల చరిత్ర అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసి ఉంచుకున్నవారి ఫోన్‌లో, తీసేసిన సందేశం పాఠం ఒక రోజు వరకు చదువుకోవడానికి దొరకవచ్చు. వాట్సాప్ తన మాట నిలబెట్టుకుంది. నకలు వేరొకరి దగ్గర ఉంది.

ఖాతా మూసివేత గురించి ఎక్కువ చెప్పను, అందరికీ అనుభవమే. ఖాతా తెరవడానికి ఒక తెర చాలు, మూయడానికి అయిదు తెరలు దాటాలి. మధ్యలో తాత్కాలికంగా నిలిపివేయండి అన్న బటన్ పెద్దగానూ, తొలగించండి అన్నది బూడిదరంగులోనూ ఉంటాయి. 2022 జూన్ 30 నుంచి, ఖాతా తెరవనిచ్చే ప్రతి యాప్ దాన్ని యాప్‌లోనే తొలగించనివ్వాలని ఆపిల్ నిబంధన పెట్టింది. ఆ తరువాతే చాలా యాప్‌లలో ఆ బటన్ పుట్టింది. ఫేస్‌బుక్ తన సహాయ పేజీలో, మనసు మార్చుకోవడానికి 30 రోజులు, పెట్టినవన్నీ చెరపడానికి 90 రోజుల దాకా పట్టవచ్చని రాస్తుంది. ఆ సంస్థ గురించి నాకు వేరే అభ్యంతరాలు ఎన్ని ఉన్నా, అంకె చెప్పడాన్ని మెచ్చుకుంటాను. మీ డేటా తొలగించబడింది అని వెంటనే చెప్పే సేవ కన్నా, ఇంతకాలంలో తొలగిస్తాం, ఇవి మాత్రం చట్టప్రకారం ఉంచుతాం అని చెప్పే సేవ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఈ మొత్తం చిక్కుకు ఇప్పటివరకు దొరికిన అన్నిటికన్నా తెలివైన విరుగుడు, చెరపడాన్నే మానేయడం. సమాచారాన్ని మొదటి నుంచి ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతంలోకి మార్చి రాస్తే, అది ఎన్నిచోట్ల మిగిలినా తాళంచెవి లేకుండా అర్థం లేని బైట్ల కుప్పే. కాబట్టి తాళంచెవిని నాశనం చేస్తే చాలు. 2009లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్ ఈ పద్ధతిని తెచ్చింది. దాని ముందరి మోడల్‌లో ఫోన్ మొత్తం తుడవడానికి గంట పైన పట్టేది, ఇందులో క్షణాల్లో అయిపోయేది, ఎందుకంటే చెరపవలసింది కొద్ది బైట్ల తాళంచెవినే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన తన మార్గదర్శకాలలో దీన్ని ఒక సరైన పద్ధతిగా గుర్తించింది. పాత ఫోన్ ఇచ్చేసేటప్పుడు నేను చేసేదీ ఇదే: లోపల ఎన్‌క్రిప్షన్ ఉందని సెట్టింగ్స్‌లో చూసుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తాను. ఫైళ్ళను ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తూ కూర్చోను.

సర్వర్ల వైపు కూడా ఇదే ఆలోచన పని చేస్తుంది. ఒక్కో వినియోగదారుడికి ఒక్కో తాళంచెవి పెట్టి, అతను వెళ్ళిపోయినప్పుడు దాన్ని పారేస్తే, మార్చలేని బ్యాకప్‌లలో ఉన్న అతని వివరాలు కూడా అక్కడికక్కడే చదవరానివైపోతాయి. బ్యాకప్‌నూ తాకనక్కరలేదు, చట్టాన్నీ ఎదిరించనక్కరలేదు. అయితే తాళంచెవికి మాత్రం నకళ్ళు లేవని, దాన్ని ఉంచిన చోట చెరపడం నిజంగా చెరపడమేనని రూఢి చేసుకోవాలి. అందుకే ఆపిల్ తన ఫోన్లలో, కంట్రోలర్ తెలివితేటలకు అందకుండా నేరుగా చెరపగలిగే చిన్న జాగాను ఫ్లాష్‌లో ప్రత్యేకంగా కేటాయించుకుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. వెతుకులాట ఇండెక్స్, లాగ్‌లు, విశ్లేషణ పట్టికలు తాళం విప్పిన రూపంలోనే పని చేస్తాయి, వాటికి ఈ ఉపాయం అందదు. కొత్త పట్టిక ఏదైనా చేర్చే ప్రతిపాదన నా ముందుకు వచ్చినప్పుడు, ఈ వరుస ఎప్పుడు పోతుంది, ఏ ప్రోగ్రాము దాన్ని తీస్తుంది అన్న రెండు గళ్ళు నింపితే గానీ నేను సమ్మతి తెలపను. జట్టులో దీనివల్ల నాకు కొంత చెడ్డపేరు కూడా ఉంది.

ఇప్పుడు ఈ గళ్ళు నింపలేని కొత్త చోటు ఒకటి వచ్చింది. జనం రాసిన పాఠంతో, తీసిన ఫోటోలతో ఉదాహరణల నుంచి నేర్చుకునే మెషీన్ లెర్నింగ్ మోడళ్ళకు శిక్షణ ఇస్తున్నారు. శిక్షణ ముగిశాక ఆ ఫోటో అక్కడ ఫోటోగా ఉండదు. కోట్ల అంకెలలో ప్రతిదాన్నీ రవ్వంత అటూ ఇటూ జరిపిన ప్రభావంగా ఉంటుంది. దాన్ని చూపించి, ఇదిగో ఈ వరుస తీసేయండి అనడానికి వరుస లేదు, పారేయడానికి తాళంచెవి లేదు. ఆ ఫోటో లేకుండా మొదటి నుంచి మళ్ళీ శిక్షణ ఇవ్వడం ఒక్కటే ఇప్పటికి పూర్తిగా నమ్మదగిన మార్గం. ఒక్కరు అడిగినందుకు అంత ఖర్చు ఎవరూ పెట్టరు. తక్కువ ఖర్చులో మరిపించే పద్ధతుల మీద పరిశోధన చురుగ్గా సాగుతోంది, మరిపించారో లేదో రుజువు చేయడమే వాటిలో తెగని ముడి. ఈలోగా కనీసం, డిలీట్ బటన్ కింద ఇప్పటికే శిక్షణకు వాడిన మోడళ్ళకు ఇది వర్తించదు అన్న ఒక్క వాక్యం రాయవచ్చు. రాయమని అడిగినప్పుడు, అది చదివితే వినియోగదారులు భయపడతారన్న జవాబే నాకు ఎదురవుతోంది.